రూములో వంతుల కాగితం ఉండాలె

దుబాయ్ క్యాంపుల్లో మనవాళ్లు ఎప్పుడూ అనే మాట ఒకటుంది. "ఇదేమన్నా మన ఇల్లా? రెండేండ్లు ఉండి పోయేటోళ్లం." అట్ల అనుకుంటనే మాలో చాలామందికి పదిహేనేండ్లు దాటినై. రెండేండ్లకోసారి రెండు నెలలు ఊరికి పోతాం, మిగతా 22 నెలలు ఈ రూములోనే. అందుకే రూమును కూడా ఇల్లు లెక్కనే నడుపుకోవాలె అంటున్నం.

మా రూములో 8 మందిమి. ఇద్దరు శ్రీకాకుళం వాళ్లు, మిగిలినోళ్లం జగిత్యాల, నిజామాబాద్ దిక్కు. అందరూ మంచోళ్లే. అయినా లొల్లి అయితది, ఎందుకంటే ఎవరి పని ఏదో తెలియకపోతే మంచోడు కూడా తప్పించుకుంటడు. వంట ఎవరిది, బాత్‌రూము కడుగుడు ఎవరిది, చెత్త ఎవరు తీయాలె అన్నది కాగితం మీద రాసి తలుపు వెనక అతికించినం. అందులో హెల్పర్ పేరూ ఉంటది, సూపర్‌వైజర్ పేరూ ఉంటది. చాలా రూముల్లో కొత్తగా వచ్చిన పిల్లగానితోటే గిన్నెలు తోమిస్తరు, సీనియర్లు మంచం మీద పండుకొని ఫోన్ చూస్తుంటరు. ఆ పిల్లగాడు ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి వచ్చిండు, మనకు పనోడిగా రాలేదు.

వంటకు ఇద్దరిద్దరిని పెట్టుకున్నం. కారణం ఫోను. మన ఊర్ల టైము ఇక్కడికంటే గంటన్నర ముందు. బస్సు దిగేసరికి ఆరున్నర, ఊర్ల ఎనిమిది. స్టవ్ కోసం లైన్ల నిలబడి, వండి, తిని, కడిగేసరికి ఇక్కడ తొమ్మిది, అక్కడ పదిన్నర. పిల్లలు పడుకుంటరు. ఒక్కడే వండితే ఆ రోజు బిడ్డ గొంతు వినడు. ఇద్దరుంటే ఒకరు అన్నం చూస్తరు, ఇంకొకరు మాట్లాడి వస్తరు. కారం ఎంత వేయాలన్న పంచాయితీ మాత్రం ఇప్పటికీ తెగలేదు, అది వేరే సంగతి.

రాత్రి పది దాటితే ఫోను బయట వరండాల మాట్లాడాలె, వీడియోలు చూస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలె. పొద్దున నాలుగింటికి లేచేటోళ్లం. సైట్ల పని మొదలుపెట్టే ముందు అందరిని నిలబెట్టి మాట్లాడుతాం కదా, రాత్రి ఏ రూములో లొల్లి అయిందో కండ్లు చూస్తేనే తెలుస్తది. నిద్ర లేనోన్ని మేము పైకి ఎక్కించం, కిందనే పని ఇస్తాం. కానీ అన్ని సైట్లల్ల అట్ల చూస్తరా? పదో అంతస్తు మీద బెల్టు హుక్కు తగిలించుడు మరిచిపోతే ఏమైతదో మీకు చెప్పే పనిలేదు.

నల్లుల సంగతి కూడా అంతే. ఒక్క మంచంల ఉన్నా అందరి మంచాలకు పాకుతయి. ఒక్కడు శుభ్రంగా ఉంటే పోవు. అందుకే ఆదివారం అందరి దుప్పట్లు ఒకేసారి మరిగే నీళ్లల్ల వేస్తం, మంచం సందులు గీకి తుడుస్తం. మందు కొట్టాలంటే ఫ్లోరు మొత్తం కొట్టాలని క్యాంపు బాసును అడగాలె, ఒక్క రూముకు కొడితే పక్క రూముకు పోయి మళ్లీ వస్తయి.

సరుకులకు నెలకు తలా 250 దిర్హాంలు. జీతం లేటైనోని వాటా పుస్తకంల పక్కకు రాస్తం, నలుగురిల అడగం.

ఇదంతా చెప్తున్నమంటే కంపెనీకి బాధ్యత లేదని కాదు. యూఏఈ రూలు ప్రకారం మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల జాగ ఇవ్వాలె. 8 మంది రూములో 12 మందిని నింపితే ఏ కాగితమూ పనిచేయదు. అప్పుడు అందరు కలిసి పోయి అడుగుడే.

మాకు ఇంకా కుదరనిది ఒక్కటుంది. ఎండాకాలం కాంక్రీటు రాత్రిపూట పోస్తరు, ఇద్దరు నైట్ డ్యూటీకి పోతరు. మామూలు రోజుల్ల పగలు రూము ఖాళీగా ఉంటది, వాళ్లు మంచిగ పడుకుంటరు. ఆదివారం మాత్రం మేము ఉతుకుడు, కడుగుడు పెట్టుకుంటే వాళ్లకు నిద్ర లేదు. మీ రూముల్ల నైట్ వాళ్లకు ఏం చేస్తున్నరో చెప్పండి అన్నా, కాగితంల అది కూడా రాస్తం.