బేరం లేని అంగడి

సూపర్ మార్కెట్‌కు వెళ్లినవారు అనుకున్నదానికంటె ఎక్కువ ఖర్చుపెట్టి వస్తున్నారన్న సంగతి ఇప్పుడు ఎవరూ కాదనరు. కాని కారణం చెప్పవలసి వచ్చేసరికి మన పెద్దలు ఒక్క గొంతుతో చెప్పేది ఒకటే: కొనేవారికి నిగ్రహం లేదు. ఇంకొంచెం విడమరచి చెప్పమంటే, ఆడవాళ్లకు నిగ్రహం లేదు. "మెడ మీద కత్తి పెట్టి కొనమన్నారా?" అని వీరి ప్రశ్న. దొంగను వదిలి, సొమ్ము పోగొట్టుకున్నవాణ్ణి దండించే ఈ న్యాయాన్ని నేను ఒప్పుకోలేను.

వాడరేవు నాకు తెలుసు. తెల్లవారే వేళకు పడవలు ఒడ్డుకు చేరతాయి, చేపను ఇసుకలో కుప్పపోస్తారు, పాట మొదలవుతుంది. తూకం లేదు, చీటీ లేదు. గంప తెచ్చుకున్న ఆడమనిషి కుప్పను ఒకసారి కలయజూసి, ఒక చేప మొప్ప ఎత్తి చూసి, అది ఎంత తూగుతుందో, ఎంతసేపు నిలుస్తుందో, చీరాల బజారులో ఎంత పలుకుతుందో అక్కడికక్కడే లెక్కగట్టేస్తుంది. పది రూపాయల దగ్గర పాటగాణ్ణి నిలవేస్తుంది. ఇటువంటి మనిషి, ఆరేడు కిలోమీటర్ల దూరాన చీరాలలో, చల్లగాలి వేసే అద్దాల కొట్టులోకి ఉప్పు, నూనె, బట్టల సబ్బు కోసమని వెళ్లి రెండు నిండు సంచులతో బయటికి వస్తున్నది. ఆమెకు లెక్క రాదని ఎవడనగలడు? బేరం ఆడలేదా అని నేను ఒకామెను అడిగాను.

"ఎవుర్నాడమంటావయ్యా బేరం? ఆడ మనిసుంటేగా!" అన్నది.

ఆ మాటకు భాష్యం చెప్పటమే ఈ వ్యాసం పని.

అంగడిలో మనిషి లేకుండా చెయ్యటం అనుకోకుండా జరిగింది కాదు. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో క్లారెన్స్ సాండర్స్ అనే వర్తకుడు 1916లో పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచాడు. అంతవరకు అక్కడ కూడా మన కిరాణా కొట్టు పద్ధతే. బల్లకు ఇవతల కొనేవాడు, అవతల గుమాస్తా. అడిగిన సరుకు తీసి కట్టి ఇచ్చేవాడు. సాండర్స్ గుమాస్తాను తీసేశాడు. సరుకుల మధ్యకు కొనేవాణ్ణే పంపాడు. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి. నడుమ ప్రతి అల్మారా ముందునుంచీ నడిచి తీరవలసిందే. ఈ ఏర్పాటుకు పేటెంటు కూడా తీసుకున్నాడు. 1937లో ఓక్లహోమాలో సిల్వాన్ గోల్డ్‌మన్ తోపుడుబండి కనిపెట్టాడు. బుట్ట బరువెక్కితే కొనేవారు కొనటం ఆపేస్తున్నారు. బరువు తెలియకుండా చెయ్యటమే దాని ప్రయోజనం. మొదట్లో జనం దాన్ని ముట్టుకోలేదు. బండి తోస్తూ కొంటున్నట్టు నటించటానికి ఆయన మనుషుల్ని కూలికి పెట్టుకోవలసి వచ్చింది! జనం నిగ్రహం లేనివారైతే ఆ కూలి ఎందుకు దండుగ?

గుమాస్తా పని మనచేత చేయించుకుంటూ, దానికి స్వేచ్ఛ అని పేరుపెట్టారు. "మీ ఇష్టం వచ్చింది మీరే ఎంచుకోండి" అంటారు. నిజానికి పోయింది ఏమిటి? కొట్టు ముందు నిలబడి "అరకిలో కందిపప్పు ఇవ్వండి" అన్నప్పుడు అవసరం ముందు నోటికి వచ్చేది. సరుకు తరవాత కంటికి కనపడేది. ఇప్పుడు సరుకు ముందు కనపడుతుంది, అవసరం తరవాత పుడుతుంది. ఈ తారుమారులోనే వ్యాపారమంతా ఉన్నది. మిగిలినవన్నీ దీనికి మెరుగులు.

ఆ మెరుగులు కూడా చూడండి. రోజూ కావలసిన పాలు, బియ్యం సాధారణంగా లోపలి మూలన ఉంటాయి, దారిలో మిగతా వందా కనపడాలి గనక. కంటికెదురుగా ఉండే అరలో చోటుకోసం కంపెనీలు దుకాణదారుకు డబ్బు చెల్లిస్తాయి. తక్కువ ధర సరుకు మోకాలి దగ్గర పడివుంటుంది. చాక్లెట్లు పసిపిల్లల ఎత్తులో, డబ్బు కట్టేచోట ఉంటాయి, వరసలో నిలబడ్డ తల్లి పదిమంది ముందు బిడ్డ ఏడుపు భరించలేదు గనక. పాట సైతం జీతానికి పని చేస్తుంది: రొనాల్డ్ మిలిమన్ అనే ఆచార్యుడు 1982లో అచ్చువేసిన పరిశోధనలో, ఒక సూపర్ మార్కెట్‌లో వేగం తక్కువ సంగీతం వేసిన రోజుల్లో, వేగంగా వేసిన రోజులకంటె అమ్మకం సుమారు 38 శాతం హెచ్చింది. అంత తేడా ప్రతిచోటా వస్తుందని నేననను. రాదనుకుంటే వర్తకుడు పాట కట్టేసేవాడే కదా.

అన్నిటికంటె ఘరానా మోసం తగ్గింపు ధరది. "ఎం.ఆర్.పి. మీద ఇరవై రూపాయలు తక్కువ" అని ఎర్ర కాగితం. ఆ ఎం.ఆర్.పి. ముద్రించింది ఎవరు? సరుకు తయారుచేసిన కంపెనీయే. దానికి మించి అమ్మరాదని చట్టం చెప్పింది గాని, మందులవంటి కొన్నిటికి తప్ప, అది ఎంత ఉండాలో చెప్పలేదు. తాను రాసిన అంకెను తానే కొట్టేసి, కొట్టివేత మనకు దానం చేస్తున్నాడు. ఇక బరువు: అయిదు రూపాయల బిస్కట్ పొట్లం ఏళ్ల తరబడి అయిదు రూపాయలకే వచ్చింది, చిక్కిపోయింది పొట్లం. దీనికి విరుగుడుగా ప్రభుత్వం 2021లో తూనికలు, కొలతల నిబంధనలు సవరించి, పొట్లం మీద విడి ధర వెయ్యాలన్నది. మంచిదే. కాని కిలోకు తక్కువైన పొట్లం మీద గ్రాముకు ఇంత అని, కిలోకు మించినదాని మీద కిలోకు ఇంత అని వెయ్యమన్నది! నూరు గ్రాముల కారం పొట్లాన్నీ రెండు కిలోల సంచినీ పోల్చాలంటే వేలితో చుక్కలు జరుపుకుంటూ నిలబడాలి. మిరప పండే నేల మీద, గుంటూరు యార్డు ఇంత దగ్గర పెట్టుకుని, కారం కిలో ఎంత పడుతున్నదో తెలియకుండా కొంటున్నాం.

"ఏమైనా అక్కడ చవకే కదా" అంటారు. చవక అబద్ధం కాదు. గాలానికి గుచ్చిన ఎర కూడా నిజమైన ఎరే. వాడరేవులో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. పంచదార, నూనె, పప్పు ధరలు అందరికీ నోటికి వచ్చు గనక అక్కడ తగ్గిస్తారు. ధర ఎవరికీ గుర్తుండని వాటి మీద రాబట్టుకుంటారు. 2006లో హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ తెరిచిననాడు చిల్లర వర్తకులు గోల పెట్టారు. వారిపట్ల నాకు సానుభూతి ఉన్నది, భక్తి లేదు. కిరాణా కొట్టులో తరాజు మొగ్గు, పప్పులో రాళ్లు, అప్పు పద్దులో పెరిగే అంకె మనం ఎరగనివి కావు. అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం ఉన్నప్పుడు వాడరేవులో ఇంటికి బియ్యం వచ్చేది ఆ పద్దు మీదనే. అద్దాల కొట్టులో ఆ పద్దు లేదు. పైగా అక్కడి మోసానికి ముఖం లేదు. కిరాణా కొట్టువాణ్ణి నలుగురిలో నిలదియ్యవచ్చు.

మరి ఏం చెయ్యాలి? ఇంటి దగ్గరే చీటీ రాసుకు వెళ్లమనటం పాత సలహా, కాని దాని విలువ పొదుపులో లేదు. సరుకు కంటపడకముందే అవసరం మాటగా బయటికి వస్తుంది. పోయిన బల్లను మళ్లీ వేసుకున్నట్టు. చీటీలో బరువు కూడా రాయాలి. తోపుడుబండి ముట్టుకోరాదు, చేతిసంచి మొయ్యాలి, భుజం నొప్పి పుడితే చాలునని తెలుస్తుంది. కింది అర వంగి చూడాలి. ధర ఏదైనా కిలోకు మార్చి చూడాలి.

ఇవి ఒక్కొక్కరు చేసుకునేవి. ఒంటరిగా నిలబడి వందలమంది జీతగాళ్ల పథకంతో పోరాడమనటం మళ్లీ ఆ నిగ్రహవాదమే. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన, ఊరే వదిలి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. ఆ పన్నుకు నోటీసు వచ్చింది, అధికారి వచ్చాడు. ఈ పన్నుకు నోటీసు లేదు. కనుక మొదట నోటీసు అడగాలి: ప్రతి సరుకు ధర కిలోకు లేదా లీటరుకు ఇంతని, ఒకే కొలతలో, తెలుగులో, అర మీద పెద్ద అక్షరాలతో రాయాలి. డబ్బు కట్టేచోట మిఠాయి పెట్టరాదు. ఇది అడగటానికి వినియోగదారుల సంఘాలు కావాలి, ఉన్నవి నిద్ర లేవాలి.

అంతకంటె మేలైనది కొనుగోలు మనమే చేసుకోవటం. 1844లో ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణాన 28 మంది, వారిలో నేతగాళ్లు అనేకులు, చందాలు వేసుకుని పిండి, చక్కెర, వెన్న, కొవ్వొత్తులతో ఒక సొంత కొట్టు తెరిచారు. చీరాల కూడా నేతగాళ్ల ఊరే. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు కూరగాయల విషయంలో ఈ దారి కొంతవరకు చూపించాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లు నెలనెలా కూర్చుని డబ్బు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు. ఆ కూర్చున్నప్పుడే నెల సరుకుల చీటీ కూడా కలిపి రాసుకోవచ్చు. మిరపకాయతో మొదలుపెట్టండి. ఫిబ్రవరి, మార్చిలో కోతలు జోరుగా ఉన్నప్పుడు కొన్ని ఇళ్లవాళ్లు కలిసి రైతు దగ్గర ఒక టిక్కీ కొని పంచుకోండి. తాలుకాయ ఎవరి వాటాకు ఎక్కువ వచ్చిందని మొదటిరోజే తగాదా వస్తుంది. తూకం వేసినవారు తమ వాటా అందరికంటె చివర ఎత్తుకోవాలని ముందే అనుకుంటే సరి.