హలాల్ హోటల్లో భోజనం: బోర్డు చెప్పని సంగతులు

పనిమీద బజారుకు వెళ్లి, ఆకలి వేసి, జేబులో డబ్బు చూసుకుని, పక్కనే కనిపించిన చిన్న హోటల్లోకి దూరడం మనందరికీ అలవాటే. హైదరాబాదులో అయితే అది చాలాసార్లు ఇరానీ హోటలో, బిర్యానీ హోటలో అయి ఉంటుంది. గుమ్మం మీద ‘హలాల్’ అని రాసి ఉంటుంది. ఇక్కడ తినవచ్చునా అని అడిగేవారు రెండు రకాలు. హలాల్ మాంసం గనుక ఏ చెడుపూ చేయదని ధీమాగా ఉండేవారు కొందరు. చవక హోటలు గనుక తింటే కడుపు చెడిపోతుందని భయపడేవారు మరికొందరు. ఇద్దరూ తెలుసుకోవలసిన సంగతులు ఉన్నాయి.

హలాల్ అంటే ఇస్లాం మతం అనుమతించినది అని అర్థం. జంతువు బతికి ఉండగానే దేవుని పేరు తలచి, పదునైన కత్తితో గొంతు కోసి, రక్తం కారిపోనిస్తారు. దానంతట అది చచ్చిన జంతువు మాంసం పనికిరాదు. పందిమాంసం, మద్యం నిషిద్ధం. చచ్చిన జంతువును తినరాదన్న నియమం ఆరోగ్యరీత్యా కూడా మంచిదే. కాని ఆ మాంసం తర్వాత ఎన్ని గంటలు బయట వేలాడిందో, కూర వండాక ఎంతసేపు నిలవ ఉందో ఆ బోర్డు చెప్పదు. ఖురానులో హలాల్ అనే మాటతో బాటు ‘తయ్యిబ్’ అనే మాట కూడా ఉంది. అంటే శుభ్రమైనది, మేలైనది అని. ఆ రెండవదాన్ని హోటలువారూ చూడాలి, తినే మనమూ చూసుకోవాలి.

వేడి, వేళ

హోటలు తిండి వల్ల వచ్చే జబ్బులకు ధరతో సంబంధం తక్కువ. వేడితోనూ, వేళతోనూ సంబంధం ఎక్కువ. సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య చురుకుగా పెరుగుతాయి. పొగలు కక్కే పదార్థంలో వాటి ఆటలు సాగవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న పదార్థం వాటికి పండుగ.

అందుచేత వచ్చేపోయే జనంతో గిన్నె గిన్నెకూ ఖాళీ అయ్యే చిన్న హోటలు, జనం లేక పొద్దుటి కూరను రాత్రి దాకా పెట్టుకునే పెద్ద హోటలు కంటె నయం. మధ్యాహ్నం దమ్ విప్పగానే వడ్డించిన బిర్యానీ, తందూరు నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చిన రొట్టె, రాత్రంతా సన్నని సెగ మీద ఉడికి తెల్లవారుజామున వడ్డించే నిహారీ, మరిగే చాయ్ - ఇవి భయపడవలసినవి కావు.

అన్నం విషయంలో ఒక చిక్కు ఉంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట చల్లారుతూ ఉంటే అవి మొలకెత్తి, విషపదార్థాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటలలో వాంతులు మొదలవుతాయి. రాత్రి పదకొండు గంటలకు పిల్లల కోసం తెచ్చిన బిర్యానీ పార్సిల్‌ను బల్లమీద ఉంచి, పొద్దున్నే వేడిచేసి పెట్టే ఇల్లాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. తెచ్చిన రెండు గంటల లోపల తినేయండి. ఎండాకాలమైతే గంటలోపలే. మిగిలేటట్లుంటే ముందే విడిగా తీసి ఫ్రిజ్‌లో పెట్టండి.

పచ్చివాటితో జాగ్రత్త

ఉడికిన వంటకం ఎంత మంచిదైనా పక్కన పెట్టే ఉల్లిపాయ చక్రాలు, పుదీనా పచ్చడి, పెరుగు చట్నీ, గ్లాసులో నీళ్లు పచ్చివి. అవి ఏ నీళ్లతో కడిగారో, ఎప్పుడు చేశారో తెలియనప్పుడు వదిలేయండి. నిమ్మచెక్క పిండినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు.

షవర్మాలో వాడే మయోనైజ్ చాలాచోట్ల పచ్చిగుడ్లతో చేస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఒక ఏడాది పాటు పచ్చిగుడ్ల మయోనైజ్‌ను నిషేధించింది. 2022 మే నెలలో కేరళలోని కాసర్‌గోడ్ జిల్లాలో షవర్మా తిన్న పలువురు జబ్బుపడగా, ఒక విద్యార్థిని ప్రాణం కోల్పోయింది. కనుక మాంసం లోపల ఎరుపు కనిపించకుండా పూర్తిగా కాలిందో లేదో చూడండి. మయోనైజ్ వద్దని చెప్పండి. చిన్నపిల్లలకు, గర్భిణులకు అసలే వద్దు.

ఎవరికి ఏది?

మధుమేహం ఉన్నవారికి బిర్యానీ నిషిద్ధమేమీ కాదు. ఒక ప్లేటును ఇద్దరు పంచుకోండి. ముందు మాంసం తిని, తర్వాత అన్నం కొద్దిగా తినండి. భోజనమయ్యాక పావుగంట నడవండి. శీతల పానీయం, డబుల్ కా మీఠా ఆ పూటకు మానండి. ఖీమా, ఒక రొట్టె, పప్పూ సొరకాయా వేసిన దాల్చా దొరికితే మరీ మంచిది.

రక్తపోటు ఉన్నవారికి రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకు మించకూడదు. హోటలు కూరల్లో ఉప్పు తెలియకుండానే ఎక్కువ పడుతుంది. పులుసంతా జుర్రుకోకండి. నిహారీ, పాయా మీద తేలే నూనెను చెంచాతో తీసి పక్కన పెట్టండి. యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్లవాపుతో బాధపడేవారు కలేజీ, గుర్దా మానుకోవాలి. వేరుశెనగ, నువ్వులు పడనివారు మిర్చీ కా సాలన్ ముట్టకూడదు. అందులో ఆ రెండూ ఉంటాయి.

రంజాన్ మాసంలో హలీం కోసం అన్ని మతాలవారూ వరుసలు కడతారు. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గోధుమలు, పప్పులు, మాంసం గంటల తరబడి ఉడికేది గనుక మాంసకృత్తులు పుష్కలం. నెయ్యి కూడా పుష్కలమే! గుండెజబ్బు ఉన్నవారు పైన పోసే నెయ్యి వద్దని, చిన్న గిన్నె చాలని చెప్పండి. పగలంతా ఉపవాసం ఉన్నవారు ముందు ఖర్జూరం, నీళ్లు తీసుకుని, కాస్త ఆగి తింటే కడుపుకు హాయి.

భోజనం కాగానే ఇరానీ చాయ్ తాగే అలవాటు ఆడవారికి ముఖ్యంగా మంచిది కాదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటపట్టనివ్వవు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సలహా ఇచ్చింది. చాయ్ ఎక్కడికీ పోదు, సాయంత్రం తాగండి.

కడుపు చెడితే

ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కప్పుడు వాంతులు, విరోచనాలు తప్పవు. వెంటనే ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగండి. దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి వేసి కలిపి, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. విరోచనాలు ఆపే మాత్రలు, యాంటీబయాటిక్‌లు మీ అంతట మీరు వేసుకోకండి. మలంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, మూత్రం తగ్గినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణుల విషయంలో ఇవేవీ కనిపించేదాకా ఆగవద్దు.

ఈసారి హోటలుకు వెళ్లినప్పుడు గోడమీద ఆహార భద్రతా లైసెన్సు, దాని 14 అంకెల నెంబరు ఉన్నాయేమో చూడండి. వడ్డించేవారి చేతులు, పళ్లేలు తుడిచే గుడ్డ చూడండి. ‘ఇది ఎప్పుడు వండారు?’ అని మొహమాటం లేకుండా అడగండి. మంచి హోటలువాడు ఆ ప్రశ్నకు కోపగించుకోడు. కోపగించుకున్నాడంటే, ఆ పూటకు ఒక చాయ్ తాగి లేచి రండి.