షాండ్లియర్ కొనే ముందు సోఫాలో కూర్చోండి

ఇళ్లకు వైరింగ్ చేసేవాళ్లకు పాయింటు లెక్కన కూలీ. సీలింగ్‌లో ఎన్ని లైట్లు పెడితే మాకు అంత గిట్టుబాటు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే మాట నా జేబుకే చిల్లు: మీ హాలు సీలింగ్‌లో లైట్లను సగానికి తగ్గించండి.

హైదరాబాద్‌లో ఏ కొత్త ఫ్లాట్ చూసినా హాలుది ఒకటే వరస. చుట్టూ ఫాల్స్ సీలింగ్, దాని అంచున ఎల్‌ఈడీ స్ట్రిప్, బారులు తీరిన డౌన్‌లైట్లు, నడుమ మూడు రింగుల షాండ్లియర్. గృహప్రవేశం నాడు అన్నీ ఒకేసారి వేస్తారు, వీడియో బాగా వస్తుంది. తర్వాతెప్పుడో ఏదో రిపేరుకు పిలిస్తే వెళ్లి చూస్తాను, టీవీ పక్కన ఒక్క ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది. "ఇన్ని లైట్లు పెట్టించుకుని వేసుకోరేంటమ్మా?" అంటే, "కళ్లల్లో పొడుస్తున్నాయి బాబూ" అంటారు.

పొడవక ఏం చేస్తాయి? షోరూమ్‌లో లైటును నిలబడి చూస్తాం, అదీ నాలుగు నిమిషాలు. ఇంట్లో ఆ లైటు కిందే కూర్చుంటాం, దివాన్ మీద వెల్లకిలా పడుకుంటాం. పైన ఉన్న డౌన్‌లైట్లు చాలవన్నట్టు, నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్స్‌లో కింద ఇంకో సీలింగ్ కనిపిస్తుంది. పైగా షోరూమ్‌లో ఉన్న లైట్లన్నీ ఒకేసారి వెలుగుతుంటాయి. ఏ లైటు వెలుగు ఎంతో, ఎక్కడ పడుతోందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మిగతావన్నీ ఆర్పించి, మీకు నచ్చిన దాన్నొక్కదాన్నే వేయించండి. కుర్చీ అడిగి కూర్చుని చూడండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

షాండ్లియర్ల మీద నాకు పగేమీ లేదు. చౌమహల్లా ప్యాలెస్ ఖిల్వత్ దర్బారులో 19 బెల్జియం గాజు షాండ్లియర్లు వేలాడుతుంటే కళ్లు తిప్పుకోలేం. ఆ పైకప్పు ఎత్తుకు అవి సరిపోయాయి. మన ఫ్లాట్‌లో నేల నుంచి స్లాబుకు తొమ్మిదిన్నర అడుగులుంటే గొప్ప. ఫాల్స్ సీలింగ్ ఒక అర అడుగు మింగేస్తుంది. మనిషి తల తగలకుండా లైటు అడుగు భాగం ఏడడుగుల పైన ఉండాలి. ఇక మిగిలింది రెండడుగులు. అందులో ఫ్యాన్ కూడా తిరగాలి. ఫ్యాన్ లేని తెలుగువాళ్ల హాలు నేనింతవరకూ చూడలేదు. ఆ గాలికి షాండ్లియర్ ఊగుతుంది, గాజుపూసలు టింగుటింగుమంటాయి, దుమ్మంతా వాటిమీదే. ఇంకో సంగతి ఇంటీరియర్ బొమ్మల్లో కనిపించదు: 48 అంగుళాల ఫ్యాన్ రెక్కలకు పైన డౌన్‌లైటు పడితే, రెక్క తిరిగినప్పుడల్లా నీడ కదిలి హాలంతా అదురుతున్నట్టుంటుంది. ఫ్యాన్ కొక్కెం నుంచి కనీసం మూడడుగుల దూరంలో లైటు పెట్టమని మీ మేస్త్రీకి గట్టిగా చెప్పండి.

కంట్లో పొడవని దీపం ఎలా ఉంటుందో డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ 1920లలోనే ఆలోచించాడు. కిరోసిన్ దీపాల వెలుగులో పెరిగినవాడు, కరెంటు బల్బు మిరుమిట్లు అతనికి సహించలేదు. ఒకదాని కింద ఒకటిగా రేకులు అమర్చి, ఎక్కడ కూర్చున్నా బల్బు కంటికి కనిపించకుండా, వెలుగు మాత్రం బల్ల మీద పడేలా చేశాడు. 1958లో వచ్చిన అతని పీహెచ్ 5 దీపం ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఇటలీలో కాస్టిగ్లియోని అన్నదమ్ములది మరో ఉపాయం. 1962లో వాళ్లు చేసిన ఆర్కో దీపం నేలమీద పాలరాతి దిమ్మ నుంచి లేచి, విల్లులా వంగి, బల్ల మీదికి వస్తుంది. సీలింగ్‌కు ఒక్క కన్నం కూడా అక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఆ ఉపాయాన్ని గుర్తుంచుకోవాలి, ఆ ధరను కాదు.

మన దగ్గరే, ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో, తోలుబొమ్మలాట కుటుంబాలు మేకతోలుతో దీపాలకు షేడ్లు చేస్తున్నాయి. తోలును పలచగా గీకి, ఆరబెట్టి, బొమ్మ గీసి, ఉలితో చిన్నచిన్న చిల్లులు కొట్టి, రంగులద్దుతారు. తెర వెనక దీపం పెట్టి ఆడించిన కళ కదా, వెలుగును ఎంతవరకు పోనివ్వాలో వాళ్లకు తెలిసినంతగా ఏ కంపెనీకీ తెలియదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా మన డిజైనర్ల క్యాటలాగుల్లో ఆ షేడ్ కనిపించదు. లేపాక్షి హస్తకళల దుకాణంలో దొరుకుతుంది. సోఫా పక్కన చిన్న బల్లమీద పెట్టి, లోపల తక్కువ వాట్ల ఎల్‌ఈడీ వేయండి. పాత ఫిలమెంట్ బల్బు వద్దు, వేడికి తోలు ముడుచుకుంటుంది.

ఆ ఎల్‌ఈడీ పసుపుదే కావాలి. డబ్బా మీద 2700 కెల్విన్, లేదా 3000 అని ఉంటుంది. తెల్లగా మండే 6500 హాలుకు తెచ్చుకుని, ఆసుపత్రిలా ఉందని మళ్లీ మార్పించినవాళ్లు ఎందరో. పసుపు అనగానే మనవాళ్లకు లో ఓల్టేజీలో మినుకుమినుకుమన్న బల్బు గుర్తొస్తుంది. ఒక తరానికి ట్యూబ్‌లైటు ఉన్న ఇల్లంటే కలిగినవాళ్ల ఇల్లు. పసుపంటే మసకేనన్న భయం ఇంకా వదల్లేదు. ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ తెలుపైనా పసుపైనా ఇంచుమించు అంతే వెలుగిస్తుంది. సీఆర్ఐ అనే అంకె 90 దాటిందేమో కూడా చూడండి. అది తక్కువైతే పట్టుచీర ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు పేపరు చదివే కుర్చీ పక్కన వేరే దీపం ఉండాలి. వయసు మీదపడ్డ కళ్లకు వెలుగు ఎక్కువ కావాలి కానీ, అది సీలింగ్ నుంచే రానక్కర్లేదు.

బిల్డర్ల మీద మాత్రం నాకు కోపమే. హాలు లైటు పాయింట్లన్నీ తలమీదే ఇస్తారు. సోఫా మూలన ప్లగ్ ఉండదు, ఉన్నా దాని స్విచ్ సోఫా వెనకే, చెయ్యి దూరదు. బల్లదీపం కొనుక్కున్నవాళ్లు ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి కాళ్లకు అడ్డం వేసుకుంటున్నారు. కావలసిందల్లా రెండు మూలల్లో ఆరు ఆంపియర్ల ప్లగ్‌లు రెండు, వాటి స్విచ్‌లు గుమ్మం దగ్గర. ప్లాస్టరింగ్ కాకముందు అడిగితే అది కాస్త పైపు, కాస్త వైరు పని. రంగులు వేశాక అడిగితే గోడ కట్టింగ్ చేయాలి, దానికి నేను పాయింటు లెక్కన కాదు, రోజు లెక్కన తీసుకుంటాను.