ఒక ఆదివారం కొండవీడులో



“మావాడికి స్టామినా లేదు సార్, ఏం పెట్టమంటారు?” అని పీఈటీనైన నన్ను చాలామంది అడుగుతారు. పౌడర్లేమీ పెట్టకండి. ఒక ఆదివారం తెల్లవారుజామునే కొండవీడు తీసుకెళ్లండి. గుంటూరుకు దగ్గరే.

ఎండ ముదరకముందే కొండ కిందికి చేరుకోండి. ఘాట్ రోడ్డు మీద పరుగు వద్దు, నడవండి. (మన మోకాళ్ల సంగతి మనకు తెలుసు కదా!) పైన చదునుగా ఉన్న దారిలో పిల్లలను వదిలేయండి, వాళ్లే పరుగెత్తుతారు. చెరువుల దగ్గర, పాడుబడిన గోడల దగ్గర మాత్రం చెయ్యి వదలకండి.

ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడు, “ఇంత ఎత్తున చెరువులెందుకు నాన్నా?” అని తప్పక అడుగుతారు. శత్రువులు కోటను చుట్టుముడితే లోపలివాళ్లకు ఆ నీళ్లే ఆధారం. రెడ్డిరాజుల రాజధాని, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచిన కోట అని మనవాళ్లు బిట్లుగా బట్టీపట్టింది ఈ కొండ గురించే. ఆ నీళ్లు చూడకుండా ఆ ముట్టడి ఎలా అర్థమవుతుంది?

ఫోన్‌లో కిలోమీటర్లు లెక్కపెట్టకండి, పక్కింటి పిల్లాడితో పోల్చకండి. దానికి మన దగ్గర ర్యాంకులు చాలు. సోమవారం స్లిప్ టెస్టులో రెండు మార్కులు తగ్గితే క్లాస్ టీచర్‌తో నేను మాట్లాడతాను.