ఫోన్ మోగితే మందు వేసుకున్నట్టేనా?

సెల్‌ఫోన్ గుర్తు చేస్తే రోగులు మందులు మానకుండా వాడతారా? చిన్న ప్రశ్నే. కానీ దేశాలన్నీ కలిసి డిజిటల్ వైద్యానికి విధానాలు తయారు చేసుకుంటున్న ఈ రోజుల్లో ఇటువంటి ప్రశ్నలకు ముందుగా జవాబు కావాలి.

కెన్యాలో 538 మంది హెచ్.ఐ.వి. రోగులతో జరిగిన పరిశోధన 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. దాదాపు సగం మందికి వారానికోసారి ఆసుపత్రి నుంచి "మాంబో?" అని మెసేజ్ వెళ్ళేది. స్వాహిలీ భాషలో "ఎలా ఉన్నారు?" అని దాని అర్థం. ఇబ్బందిగా ఉందని జవాబు వచ్చినా, రెండు రోజుల్లో అసలు జవాబే రాకపోయినా ఆసుపత్రి సిబ్బందే ఫోన్ చేసి మాట్లాడేవారు. మెసేజ్‌లు అందినవారిలో 62 శాతం మంది మందులు సక్రమంగా వాడామన్నారు. అందనివారిలో 50 శాతమే. రక్తపరీక్షల్లోనూ మొదటివారిదే మెరుగు.

అయితే మనకూ అదే పెట్టేస్తే పోలేదా? పెట్టి చూశారు. దక్షిణ భారతదేశంలో 631 మంది రోగులతో చేసిన పరిశోధన ఫలితం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇక్కడ వారానికోసారి వచ్చే ఫోన్‌లో పలికేది రికార్డు చేసిన గొంతు. దానితోపాటు, ఇంట్లో ఎవరు చూసినా జబ్బు సంగతి తెలియకుండా ఒక మామూలు బొమ్మ పంపేవారు. సుమారు రెండేళ్ళ తర్వాత లెక్క చూస్తే, మందులు పనిచేయని స్థితికి చేరినవారు ఫోన్లు అందుకున్నవారిలో 49 మంది, అందుకోనివారిలోనూ 49 మందే!

రెండు చోట్లా రోగులు వేరు, ఆసుపత్రులు వేరు. కారణం ఇదొక్కటేనని చెప్పలేము. అయినా కెన్యాలో రోగి కష్టం వినడానికి అవతల ఒక మనిషి ఉన్నారన్న సంగతి నేను తీసిపారేయలేను.

2018 మే నెలలో జెనీవాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభ డిజిటల్ ఆరోగ్యంపై తీర్మానం చేసింది. దానికి చొరవ తీసుకున్నది మన దేశమే. మరుసటి సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలను జల్లెడ పట్టి పది సిఫారసులు విడుదల చేసింది. రోగులకు మెసేజ్‌లు పంపవచ్చని చెబుతూనే, సున్నితమైన విషయాలు బయటపడకుండా చూడాలని షరతు పెట్టింది. 2023 ఆగస్టులో గాంధీనగర్‌లో, జి-20 సమావేశాల సందర్భంగా, దేశాలు ఈ అనుభవాలు పంచుకోవడానికి ఒక ఉమ్మడి వేదిక కూడా ఏర్పడింది.

మంచిదే. అయితే ఇటువంటి వేదికల మీద గెలిచిన కథలకే చప్పట్లు ఎక్కువ. "మా దగ్గర ఫలించలేదు" అని చెప్పే పరిశోధనకూ అంతే చోటివ్వాలి. లేకపోతే పేద దేశాలు నర్సమ్మల జీతాలకు పెట్టవలసిన డబ్బు మాట్లాడే యంత్రాలకు పెడతాయి.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. పరిశోధనలో చేరమని ఎవరైనా అడిగితే, ఏమి పంపుతారు, మీ వివరాలు ఎవరు చూస్తారు అని నిస్సంకోచంగా అడగండి. ఇష్టం లేకపోతే చేరనక్కరలేదు. దానివల్ల మీ వైద్యం ఆగకూడదు. ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ ఉంటే ఆ మాట నర్సమ్మకు ముందే చెప్పండి.