చదివింది చెప్పగలగాలి

మగ్రిబ్ నమాజు ముగిసింది. ఏలూరులో మేము ఎరిగిన ఒక ఇంట ఏడో తరగతి అమ్మాయి తెలుగు వాచకం తెరిచి ఒక పుట గడగడా చదివింది. ఒక్క ఒత్తు తప్పలేదు. అబ్బా ముఖం వెలిగింది. "ఇందులో ఏముంది బేటీ?" అని దాదీ అడిగింది. అమ్మాయి తల వంచుకుంది.

ఈ దృశ్యం మనలో చాలామందికి కొత్త కాదు. మన పిల్లలు మక్తబ్‌లో కుడి నుంచి ఎడమకు అరబీ, బడిలో ఎడమ నుంచి కుడికి తెలుగు, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నాజిరాలో ముందు ఉచ్చారణ శుద్ధి. అర్థం ఆ తరువాత. తిలావత్‌కు అది తగిన క్రమమే. అదే అలవాటు తెలుగు పాఠానికీ పాకితే నష్టం. 6, 7, 8 తరగతులలో లెక్క రాక కాదు, ప్రశ్న అర్థం కాక తప్పు చేసే పిల్లలున్నారు. అప్పుడు 'చదువు అబ్బలేదు' అనేస్తాము. ఆడపిల్లను బడి మాన్పించడానికి ఆ ఒక్క మాట చాలు.

ఇంకా వెనుకబడినవారూ ఉన్నారు. 2022 నాటి అసర్ సర్వేలో, గ్రామీణ భారతంలోని 8వ తరగతి పిల్లల్లో నూటికి దాదాపు 30 మంది 2వ తరగతి స్థాయి పాఠాన్నే చదవలేకపోయారు.

బద్ర్ ఖైదీలలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు పదేసి మంది మదీనా పిల్లలకు రాయడం నేర్పాలని దైవప్రవక్త (స) షరతు పెట్టినట్లు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. పాఠం చెప్పినంత మాత్రాన విడుదల లేదు. పిల్లలకు విద్య పట్టుబడితేనే విడుదల. మనమూ ఆ కొలతనే పాటించాలి.

తెలుగు చదవడం రాని అమ్మీ కూడా ఈ పని చేయగలదు. బిడ్డ ఒక పేరా చదివి, పుస్తకం మూసి, అందులోని సంగతిని ఉర్దూలో చెప్పాలి. చెప్పలేకపోయిన చోట మళ్లీ చదవాలి. ఇంటి భాష చదువుకు అడ్డు కాదు, గ్రహింపుకు గీటురాయి.

తరువాత రోజుకు అయిదు వాక్యాలు రాయించండి. కొల్లేటి ఊళ్ల పిల్లవాడు చేపల చెరువులో మేత వేసే తీరు రాయనీ. తాడేపల్లిగూడెం పిల్లవాడు ఉల్లి మార్కెట్టులో బస్తాల సందడి రాయనీ. తెలిసిన సంగతైతే మాటలకు వెతుక్కోనక్కరలేదు. తప్పులన్నీ ఒకేసారి ఎత్తిచూపకండి. ముందు సంగతి వినండి, ఆపై ఒక్క తప్పు దిద్దండి.

ఆ ఏలూరు అమ్మాయి మరునాడు తన దాదా తివాచీలు నేసిన ముచ్చట దాదీని అడిగి, నాలుగు వాక్యాలు రాసింది. రెండు ఒత్తులు తప్పాయి. దాదీ మాత్రం రెండుసార్లు చదివించుకుని వింది.