అర ఎకరం మట్టి చాలు

తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థ పెద్దలకు,

మెదక్ నుంచి పాత సైకిల్ పిచ్చోడొకడు నమస్కరించి రాసేది.

సైక్లింగ్‌కు ఏం చేశారంటే చూపించడానికి మన రాష్ట్రంలో రెండున్నాయి. 2002 జాతీయ క్రీడలకని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్ ఒకటి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్లు వేసి 2023లో ప్రారంభించిన ట్రాక్ రెండోది. అది మీ ఖాతాలోది కాకపోవచ్చు, సర్కారుదే కాబట్టి కలిపి చెప్తున్నా. రెండూ మంచివే, రెండూ హైదరాబాద్ దగ్గరే. మా ఊరి పిల్లగాడు వాటి మీద తొక్కాలంటే ముందు దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో పోవాలి. సైకిల్‌ను బస్సు టాపు మీదికెక్కించే రోజులూ పోయాయి.

నేను కాంక్రీటు అడగడం లేదు, మట్టి అడుగుతున్నా.

సైకిల్ స్పీడ్‌వే అని ఒక ఆట ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌లో బాంబులు పడి కూలిన జాగాల్లో పిల్లలు రాళ్లు ఏరేసి, కోలగా బాట చేసుకుని, పాత సైకిళ్లతో ఈ ఆటను పెంచారు. ట్రాక్ చుట్టూ కొలిస్తే వంద మీటర్ల లోపే. నలుగురు ఒక్కసారి బయల్దేరి నాలుగు చుట్లు తిరగాలి, అన్నీ ఎడమ మలుపులే. సైకిల్‌కు బ్రేకులుండవు, గేరు ఒక్కటే. మలుపులో ఎడమ కాలు నేలకు ఆనించి వెనక చక్రాన్ని జారనిస్తారు. మొదట వచ్చినవాడికి 4 పాయింట్లు, తర్వాత వాళ్లకు 3, 2, 1. నిమిషంలోపే పందెం తేలిపోతుంది.

దీని గురించి చదివితే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా చిన్నప్పుడు సైకిల్ టాక్సీ అనేవాళ్లం, అంటే కిరాయి సైకిళ్ల దుకాణం. గంట లెక్కన కిరాయి, నోటుబుక్కులో పేరూ టైమూ. మంచి సైకిళ్లు పెద్దవాళ్లు పట్టుకుపోతే మాకు దక్కేది బ్రేకు రబ్బర్లు ఎప్పుడో అరిగిపోయిన బండే. ఆపాలంటే చెప్పుకాలు నేలకు రాయాలి, ఇంట్లో తిట్లు దానికే. ఎండాకాలం చెరువు శిఖంలో గుండ్రంగా పందేలు వేసేవాళ్లం. ఓడినోడు అందరి కిరాయి కట్టాలి. మాకు క్లబ్బూ లేదు, రసీదు పుస్తకమూ లేదు. అయినా ఎవడు లోపలి గీత పట్టుకుంటాడో, ఎవడు భుజం అడ్డం పెడతాడో అందరికీ తెలుసు.

మాకు గురువంటే నాన్‌స్టాప్ సైకిల్ ఆయనే. ఖాళీ జాగాలో మైకు పెట్టి, రోజుల తరబడి కాలు కింద పెట్టకుండా గిరగిరా తిరిగేవాడు. తిండీ స్నానమూ దాని మీదే. రాత్రయితే ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకునేవాడు, జనం చొక్కాకు నోట్లు గుచ్చేవాళ్లు. మేం చూసింది వేరే. ఒకే చోట తిరిగి తిరిగి మట్టి గుంత పడితే ఆయన ఒక చక్రం వెడల్పు బయటికి జరిగేవాడు. సాయంత్రం నీళ్లు చల్లించి బాటను గట్టిపరిచేవాడు. ఆ విద్యను ఎవరూ విద్య అనుకోలేదు, సర్కస్ అనుకున్నారు.

జనవరి 26న బడిలో స్లో సైకిల్ పందెం కూడా ఉండేది. అందులో చివర వచ్చినవాడే శిఖంలో మలుపు దగ్గర పడకుండా నిలిచేవాడు.

మా ఊరు 2016లో జిల్లా కేంద్రమైంది, 2022లో రైలొచ్చింది. సంతోషమే. ఈ లోపల ఖాళీ జాగాలు ప్లాట్లయ్యాయి. గేర్ల సైకిళ్లున్న పిల్లలు ట్యూషన్‌కు పోయి రావడం తప్ప ఇంకెక్కడ తొక్కుతారు, బండ్ల రద్దీలో రాందాస్ చౌరస్తాలోనా?

2022లోనే ఊరూరా, వార్డువార్డునా క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు. అలాంటిదొకటి మెదక్‌లో ఈ ఆటకు ఇప్పించండి. అర ఎకరంలో ఇమిడిపోతుంది. నీళ్లు నిలవకుండా వాలు పెట్టి, మొరం పోసి, రోలర్ తిప్పి, లోపలి అంచుకు సున్నం గీత గీస్తే చాలు. టెండరు పిలిచేంత పని కాదు, అదే దీనికి శాపమేమో కూడా. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్ పీకేస్తే పాత ఇనప సామాను దుకాణంలోని సైకిల్ కూడా పనికొస్తుంది. బడుల్లోని పీఈటీలకు ఈ నియమాలు ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. పడతారు కాబట్టి హెల్మెట్లు, చేతి తొడుగులు మాత్రం తప్పనిసరి.

ఇంకొక్క మాట. మా సైకిల్ టాక్సీలో ఆడపిల్లలకు కిరాయికి ఇచ్చేవాళ్లు కాదు, మేమూ ఎందుకని అడగలేదు. ఈసారి మొదటి రోజు నుంచే వాళ్ల పందేలూ పెట్టించండి.

రోలర్ సంగతి మేం మున్సిపాలిటీని అడుక్కుంటాం. జాగా కాగితం, హెల్మెట్లు మీవైపు నుంచి రావాలి. వానలు ఆగాక, దసరా సెలవులకు ముందే ఇప్పిస్తే పిల్లలు సెలవుల్లోనే మొదలుపెడతారు.

ఇట్లు,
మెదక్ పట్టణవాసి